రాళ్లను గూర్చి పిల్లలు అడుగునప్పుడు

ధ్యానభాగములు: యెహోషువ 4:1-7, ద్వితీయోపదేశకాండము 6:20-25



నారాయణపేట ప్రాంతమున ఆదివారపు బడి పిల్లలను ఎచ్చటికైన తీసికొనిపోవలెనన్న, మహబూబ్‌నగర్ చెంతనున్న పిల్లలమర్రి ముందుగా తోచును. సుమారు 700 ఏండ్లదని చెప్పెడి ఆ చెట్టును చూచిన పిమ్మట, ఆ ఆవరణలోనే యున్న చిన్న పురావస్తు ప్రదర్శనశాలకును వారిని తీసికొనిపొండి. పూర్వకాలపు శిల్పములు అందున్నవి. శ్రీశైలం జలాశయములో మునిగిపోవలసిన యొక పాత గుడిని రాయి రాయిగా విప్పి తెచ్చి, 1980 తర్వాతి సంవత్సరములలో ఆ ఆవరణలోనే తిరిగి నిలిపిరి.

పిల్లలు ఊరకుండరు. ఇవి ఎవరు చెక్కిరి, ఎందుకు మోసి తెచ్చిరి అని అడుగుదురు. బస్సు పోవునని వారిని తరుమకుడి. ఆ ప్రశ్న దేవునికి ఇష్టమైన ప్రశ్న. యొర్దాను నడుమనుండి పండ్రెండు రాళ్లు తెప్పించినప్పుడు, ముందు ముందు పిల్లలు అడుగుదురనియే ఆయన వాటిని నిలువబెట్టించెను. రాయి అడిగించుటకు, జవాబు చెప్పుట తండ్రి పని.

చెప్పువారు లేకపోయిన ఏమగును? మన జిల్లాలోనే, కృష్ణ ఒడ్డున, ముడుమాల నిలువురాళ్లను చూడుడి. అవి మూడువేల ఏండ్లకు పైబడినవి. 2025లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేరినవి. వాటిని నిలిపినవారు ఒక్క మాటయు వ్రాసిపెట్టలేదు గనుక, నేడు పండితులు వాటి నీడలను చూచి అర్థము వెదకుచున్నారు. రాయి నిలిచెను గాని మాట నిలువలేదు.

మరియొక సంగతి గమనింతము. ప్రదర్శనశాలలో రాజుల పేళ్లు దొరకును గాని రాళ్లు మోసినవారి పేళ్లు దొరకవు. నిజాము కాలమున ఈ సీమలో వెట్టిచాకిరి చేసిన బీదలలో మన తాతముత్తాతలు అనేకులుండిరి. వారి గురుతు ఏ గాజు పెట్టెలోను లేదు. మన నోటనే యున్నది. అయినను చెప్పుటకు మనకు సిగ్గు. కాలేజీలో చదువుకొనుచున్న కుమారునితో, నీ ముత్తాత దొరగడి యెదుట చెప్పులు చేతబట్టుకొని నడిచెనని ఎట్లు చెప్పుదుమని వెనుదీయుదుము.

దేవుడు ఇశ్రాయేలీయులకు నేర్పిన జవాబు వేరు. కుమారుడు కట్టడల భావమడిగినప్పుడు, మేము గొప్ప వంశస్థులమని చెప్పుమనలేదు. ఫరోకు దాసులమై యుంటిమని మొదలుపెట్టుమనెను. దాస్యమును దాచిపెట్టినవాడు విడుదలను ఎట్లు వినిపింపగలడు? ముత్తాత వంగిన నడుము సంగతి తెలిసిన బిడ్డకే, ఆయన మోకరించి ప్రార్థించిన దినము విలువ తెలియును.

2017లో పిల్లలమర్రి పెద్దకొమ్మ యొకటి విరిగి పడెను. పైకి పచ్చగానుండగా లోపల చెదలు తినుచుండెను. 2018లో రోగికి సెలైన్ ఎక్కించినట్లు చెట్టుకు మందు ఎక్కించి కాపాడిరి. సహోదరులారా, ఇంటిలోని మౌనము అట్టి చెద. ఇల్లు పచ్చగానే కనబడును. తరము విరిగి పడునప్పుడు తెలియును.

కావున ఈ నెలలో ఒక రాత్రి, కుటుంబ ప్రార్థన ముగిసిన వెంటనే పండుకొనకుడి. ఇంటిలో అవ్వ యున్నయెడల ఆమెను నడుమ కూర్చుండబెట్టుడి. మన యింట మొదట సువార్త విన్నదెవరు, చెప్పినదెవరు, అప్పుడు ఎవరి పొలమున కూలి చేయుచుంటిమి అని పిల్లలచేత అడిగించుడి. చదువు వచ్చిన బిడ్డ ఒక నోటుబుక్కులో వ్రాయవలెను. అవ్వ కన్నీరు పెట్టుకొనిన, పెట్టుకొననిండు. ఆమెతోకూడ పోకమునుపే ఆ మాటలు పిల్లల చేతికి రావలెను.

దేవుడు మన నోళ్లు తెరచును గాక. ఆమేన్.