సముద్రధేనువు చెప్పు సాక్ష్యము

పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల ప్రాంతములలో మనము ముంగిట పఱచుకొను నాపరాయి ఒకనాటి సముద్రగర్భమున పేరుకొనిన మడ్డి యనిన నమ్మువారరుదు. అయినను నిజమిది. అమరావతీ నాగార్జునకొండ శిల్పులు బుద్ధచరితమును చెక్కినదియు నీ పలనాటి సున్నపురాతియందే. ఆ సముద్రము 50 కోట్ల సంవత్సరములకు పైబడినది. ఎముకగల ప్రాణి పుట్టకమునుపటిది. కావున నీ రాతిలో ఎముకలు వెదకి ఫలములేదు.

ఎముకలు చెప్పు సాక్ష్యము వలసినచో గుజరాతులోని కచ్ఛదేశమునకు పోవలెను. అచట సుమారు 2 కోట్ల సంవత్సరములనాటి సముద్రధేనువుల యస్థులు శిలలలో దొరకినవి. ఇది చేప కాదు. పిల్లకు పాలిచ్చునది, ఏనుగునకు జ్ఞాతి. దీని మేత సముద్రపు గడ్డి. ఆ గడ్డి వెలుగు సోకు లోతులేని నీటనే మొలచును. కావున నీ యెముకలున్నచోట నొకప్పుడు వెచ్చని నిస్సారపు జలము, పచ్చికబయలు నుండెనని శాస్త్రజ్ఞులు నిర్ణయింతురు. పండ్లలోని ప్రాణవాయువు భేదములను తూచి ఆనాటి నీటి స్వభావమును గూడ నూహింతురు.

ఈ సంగతి బోధించుచుండగా నొక విద్యార్థి, "అయ్యవారూ, మనుష్యుడు లేనినాడే సముద్రములు వచ్చినవి, పోయినవి, శీతోష్ణములు మాఱినవి. నేటి మార్పునకు మనలను దూషించుటేల?" అని యడిగెను. మేము వెంటనే బదులు చెప్పజాలమైతిమి. ప్రశ్న తెలివిగలది. పెద్దలనేకులు దీనినే తమకు క్షమాపణముగా జేసికొనుచున్నారు.

మరణము సహజమే. అంతమాత్రమున హత్య సహజమగునా? ఉత్తర పసిఫిక్ సముద్రము లక్షలకొలది యేండ్లలో చల్లబడగా నచటి సముద్రధేనువు పండ్లు విడిచి, దేహము పెంచి, నాచు మేసి బ్రదికెను. ఆ చలికి చావని జీవమును స్టెల్లరను ప్రకృతిశాస్త్రజ్ఞుడు బేరింగుదీవియందు 1741లో చూచి వర్ణించెను. ఉన్నికై వచ్చిన వేటకాండ్రు మాంసమునకై చంపగా 1768 నాటికి అది నశించెను. ప్రకృతి గడువిచ్చినది, మనుష్యుడు 27 ఏండ్లు మాత్రమే యిచ్చెను.

మన సున్నపుబట్టీలో రాయి కాలినపుడు ప్రాచీనసముద్రము దాచిన బొగ్గుపులుసు వాయువు తిరిగి గాలిలో కలియును. సున్నము మానుడని మేమనము. మా గోడలును సున్నముతోనే నిలిచినవి, ఎందఱి కూడో యా బట్టీలలోనే యున్నది. కాని తెలియక చేసినవానికిని తెలిసి చేసినవానికిని దోషము సమము కాదు. సముద్రమునకు తెలివిలేదు, మనకు గలదు. ఆ తెలివియే మన ఋణము.

పాక్ జలసంధిలో సముద్రధేనువు లింకను మేయుచున్నవి; 2022లో తమిళనాడు ప్రభుత్వము వానికి రక్షితస్థలము నేర్పఱచినది. ఆ బాలునికి మే మిచ్చిన యుత్తర మిదియే: ఈసారి గడువిచ్చుట మనచేతిలో నున్నది.