ఆయ్దక్కి లక్కమ్మ కొలత



“ఇంకను కొంత కూడనిండు, పిదప దానము చేసెదము” అని మనలో ననేకులనుకొందురు. లోభము ధరించు వేషములలో నిది మిక్కిలి మర్యాదగలది.

12వ శతాబ్దమున కల్యాణ పట్టణమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను శరణదంపతులుండిరి. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజల నేరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే వారు నిత్యము జంగమదాసోహమును నడపిరి. ఒకనాడాతడు రోజుకంటె నెక్కువ బియ్యము తెచ్చెను. అది దొంగిలించినది కాదు, యాచించినదియు కాదు. అయినను లక్కమ్మ సంతసింపక, అధికమైన దానిని తెచ్చిన చోటనే విడిచి రమ్మని భర్తను పంపెనని శరణచరిత్రలు చెప్పుచున్నవి.

ఆ బియ్యముతో మరి నలుగురికి అన్నము పెట్టవచ్చును గదా యని మనమందుము. కాని ఆ గింజలలో లక్కమ్మ రేపటి భయమును చూచెను. ఆ భయము గడప దాటి లోనికి వచ్చినచో దాసోహమాగును, దాచుట యారంభమగును.

కావున ఈవికి సంపద కొరకు వేచియుండ పనిలేదు. కాయకఫలమెంత యల్పమైనను నేడే దానిలో నొక పాలు తీయవలెను. ఈ రాత్రి భోజనమునకు ముందు ఆలుమగలు కలిసి యొక్క ప్రశ్న వేసికొందురు గాక: “మన గాదెలో నున్నది అవసరమా, భయమా?”