కలివి పొద నీడన

రాత్రి మళ్ళీ నిద్ర పట్టలేదు కదూ? అప్పు, పిల్లల ఫీజులు, బోర్లో తగ్గిపోతున్న నీళ్ళు... అన్నీ తలగడ కిందికే చేరతాయి. ఆ లెక్కలు కాసేపు పక్కనపెట్టి నాతో పెరట్లోకి రా, నేస్తం.

ఇదిగో, పాత పెయింటు డబ్బా. పోయిన వేసవిలో తిన్న కలివిపండ్ల గింజలు ఇందులోనే వేశాను. నల్లగా నిగనిగలాడే పండ్లు. తింటే పెదాలకు పాలు జిగురుగా అంటుకుంటాయి, గుర్తుందా? వేసిన నాలుగో రోజు నుంచే నాకు ఆత్రం. మొలిచిందా లేదా అని పుల్లతో మట్టి గీకి చూసేదాన్ని. అలా గీకి గీకి రెండు మొలకలు నేనే విరిచేశాను. మిగిలిన ఒక్కటీ ఇప్పుడు జానెడుంది. అప్పుడే ముల్లు కూడా వచ్చింది!

"కంపకు నీళ్ళు పోసేదేంటమ్మా?" అని పక్కింటామె నవ్వుతుంది. నిజమే, మన కడప వైపు కలివిని పనిగట్టుకుని నాటేదెవరు? అడవిలో పెద్ద చెట్ల కింద, రాళ్ళ సందుల్లో దానంతటదే పెరుగుతుంది. మల్లెల్లాంటి తెల్లటి పూలు పూస్తుంది. కాయ పండితే పికిలిపిట్టలు వాలతాయి.

ఆ పొద పేరే పెట్టుకున్న పిట్ట ఒకటుంది, కలివికోడి. పగలు పొదల చాటున ఉండి, రాత్రిపూట నేలమీద తిరుగుతుంది. 1900లో అనంతపురం వైపు కనిపించాక, ఇక అంతరించిపోయిందనే పండితులు అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె పొదల్లో, ఒక రాత్రి బ్యాటరీ లైటు వెలుగులో మళ్ళీ దొరికింది. ఊళ్ళోవాళ్ళకు దాని పేరు తెలుసు. అది బతికే ఉందని తెలీనిది పుస్తకాలకే.

86 ఏళ్ళు! అన్నేళ్ళూ అది పురుగులు ఏరుకు తింటూ, పిల్లల్ని సాకుకుంటూ అక్కడే ఉంది. ఆ చీకటి రాత్రులన్నిటా దాన్ని కనిపెట్టుకుని ఉన్నదెవరు?

ఇంకో సంగతి. పొదలు మరీ దట్టంగా ఉంటే కలివికోడి ఉండదు. పొదకూ పొదకూ మధ్య ఉత్త నేల కావాలి దానికి. నీ బతుకులోనూ ఇప్పుడొక చోటు బోసిగా ఉందేమో. అదెందుకో నాకూ తెలీదు, తెలిసినట్టు మాట్లాడను. కానీ ఆ చోటునూ దేవుడు చూస్తున్నాడని నమ్ముతాను.

ఆ పిట్ట దొరికిన రెండేళ్ళకు, 1988లో, అది ఉండే లంకమల అడవిని అభయారణ్యం చేశారు. ఆ తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా ఆ పిట్టకోసమే మార్చారు. ఒక పిట్ట కోసం మనుషులే కాలువను మళ్ళించారంటే, నిన్ను చేసినవాడు నీ సంగతి మరిచిపోతాడా?

ఈ రోజుకు ఒక్క పని చేద్దాం. రాత్రి నీ నిద్ర చెడగొట్టిన ఆ ఒక్క చింతను పేరు పెట్టి ప్రభువుకు చెప్పు. చెప్పాక సాయంత్రం దాకా మళ్ళీ గీకి చూడకు. చేయాల్సిన ఫోను చెయ్యి. మధ్యాహ్నం కూర్చుని కడుపునిండా తిను.

నేనూ అంతే. బియ్యం కడిగిన నీళ్ళు ఇప్పుడే డబ్బాలో పోశాను. ఆ పుల్లను గోడ అవతల పారేశాను.