గోడ మీది సీసాలు

కిందటి సంవత్సరం మేము యలహంక అవతల కొత్తగా కట్టిన అపార్టుమెంటులోకి మారాం. ముప్పై ఏళ్ల బ్యాంకు ఉద్యోగం, తొమ్మిది బదిలీలు అయ్యాక కళ్లజూసిన సొంత గోడలవి. వాటిలో ఒకటి, హాల్లో సోఫా పక్కది, ఖాళీగా మిగిలిపోయింది. వడ్రంగి టేపు పట్టుకుని "ఇక్కడేం పెట్టమంటారు సార్?" అని అడిగాడు. నేను గడియారం అనబోతున్నాను. ఈలోగా మా అమ్మాయి అందుకుని, "వైన్ ర్యాకు పెట్టిద్దాం నాన్నా. ఎన్నాళ్లని బీరువాలో దాస్తారు?" అంది.

పాఠకులతో ముందే ఒప్పుకోవడం మంచిది. నేను వైను తాగుతాను. శనివారం రాత్రి భోజనంతో ఒక గ్లాసు, ఎప్పుడైనా రెండో గ్లాసు. పన్నెండేళ్లుగా ఇదే లెక్క. చిక్కబళ్లాపురం వైపు పనిచేసినప్పుడు ద్రాక్షతోటలకు పంట రుణాలిచ్చేవాళ్లం. నందికొండ చుట్టుపక్కల, దేవనహళ్లి, దొడ్డబళ్లాపురం ప్రాంతాల్లో 'బెంగుళూరు బ్లూ' అనే నల్లద్రాక్ష పందిళ్లున్నాయి. మా ఖాతాదారుల్లో తెలుగు మాట్లాడే రైతులు చాలామంది. ఆ పళ్లు తినడానికీ, రసానికీ, తీపి వైనుకూ పోతాయి. రుణం ఇచ్చినవాడు సరుకు ఏమవుతుందో చూడాలి గనక చూశాను. చూసినవాణ్ణి రుచి చూడకుండా ఉండలేకపోయాను.

ఆ సీసాలు ఇన్నాళ్లూ పడకగది బీరువాలో, పాత సర్క్యులర్ల కట్టల వెనక ఉండేవి. మా ఆవిడకు తెలుసు, అమ్మాయికి తెలుసు. మా అమ్మకు, ఆవిడ పోయేదాకా, తెలియదు. లేక తెలియనట్టు ఉండేదేమో. బ్యాంకు పుస్తకాల్లో సస్పెన్స్ ఖాతా అని ఒకటి ఉంటుంది. ఏ పద్దు కింద రాయాలో తేలని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో వేస్తాం. ఆ తాత్కాలికం ఏళ్ల తరబడి సాగితే ఆడిటరు వచ్చి సంజాయిషీ అడుగుతాడు. నా బీరువా అటువంటి ఖాతా. మా అమ్మాయి ఆడిటరు.

"తప్పనుకుంటే మానేయండి నాన్నా. తప్పు కాదనుకుంటే పైకి పెట్టండి" అంది. బ్యాంకులో కుర్రాళ్లకు పారదర్శకత గురించి ఉపన్యాసాలిచ్చే మనిషినయినా నాకు వెంటనే జవాబు తోచలేదు.

జవాబు తోచనప్పుడు మావంటి వాళ్లు కొటేషన్లు తెప్పించుకుంటారు. నేనూ అదే చేశాను. గోడకు బిగించే ర్యాకుల్లో ఇనుప కమ్మీలవి, టేకువి, రెండూ కలిసినవి ఉన్నాయి. ఆరు సీసాలు పట్టేవి, పన్నెండు పట్టేవి, ఇంకా పెద్దవి. మామూలు సీసాలో 750 మిల్లీలీటర్ల వైను ఉంటుంది. గాజుతో కలిపి సుమారు కిలోంబావు తూగుతుంది. పన్నెండు సీసాలంటే పదిహేను కిలోలు, ర్యాకు బరువు వేరు. మా లోపలి గోడలు నాలుగంగుళాల సిమెంటు దిమ్మెలవి. అవి బోలువయితే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు పట్టు నిలవదని, లోపలికి వెళ్లాక విచ్చుకునే బోల్టు వేయాలని వడ్రంగి చెప్పాడు.

సీసాను పడుకోబెట్టడానికి కారణం కార్కు బిరడా. అది ఎండితే కుంచించుకుపోయి గాలి లోపలికి దూరుతుంది, వైను చెడిపోతుంది. పడుకోబెడితే వైను తగులుతూ బిరడా తడిగా ఉంటుంది. అయితే ఇప్పుడు మన దేశంలో తయారయ్యే సీసాల్లో చాలావాటికి తిప్పి తీసే మూతలే. వాటిని నిలబెట్టినా నష్టం లేదు. వెలుతురు, వేడి, అదురు, ఈ మూడూ వైనుకు పడవు. పన్నెండు, పదమూడు డిగ్రీల చల్లదనంలో ఉంచితే మంచిదంటారు. ఏప్రిల్ మధ్యాహ్నం మా బెంగుళూరులోనే ముప్పై నాలుగు, ముప్పై అయిదు డిగ్రీలు దాకా పోతుంది. కాబట్టి పొయ్యి పక్కన, ఫ్రిజ్ పైన, పడమటెండ తగిలే గోడ మీద పెట్టకూడదు. పైగా అంగట్లో దొరికే వైన్లలో ఎక్కువ భాగం ఏడాది రెండేళ్లలో తాగేయడానికి చేసినవే. దాచినకొద్దీ బాగుపడేవి కొద్ది.

ఇదంతా తెలుసుకున్నాక ఒక సంగతి బోధపడింది. మా హాలు గోడ పడమటి కిటికీకి ఎదురుగా ఉంది. వైను మేలు కోరేవాడెవడూ అక్కడ ర్యాకు పెట్టడు. అయినా నేను చూసిన ప్రకటనల బొమ్మల్లో ర్యాకు హాల్లోనే, సోఫా పక్కన, దీపం కింద మెరుస్తూ ఉంది. అంటే అక్కడ అది వచ్చేపోయేవాళ్ల కళ్ల కోసమేగాని సీసాల కోసం కాదు.

మా తాతగారి ఇల్లు చిక్కపేట సందుల్లో ఉండేది. దాని గోడల్లో గూళ్లుండేవి. ఒకదాంట్లో దీపం, ఒకదాంట్లో కుంకుమ భరిణె, ఇంకొకదాంట్లో పంచాంగం, తాతగారి కళ్లద్దాలు. చేతికందడానికి పెట్టుకున్నవే అవన్నీ. తరవాత మా నాన్నగారి కాలంలో షోకేసు వచ్చింది. అందులో చన్నపట్నం బొమ్మలు, మా బహుమతి కప్పులు, ఎన్నడూ వాడని పింగాణీ టీ సెట్టు. అద్దం తలుపు తీసేది ఉగాదికి దుమ్ము దులపడానికే. మా అమ్మాయి అడిగిన ర్యాకు గూడా, షోకేసా అన్నదే నాకు తేలవలసిన ప్రశ్న.

హాల్లో పెడితే అది వచ్చినవాళ్లతో ఏం చెబుతుంది? మేం నాగరికులం, లోకం చూసినవాళ్లం అని చెబుతుంది. మా వాళ్లలో విస్కీ పుచ్చుకునే ఇళ్లున్నాయి. ఒక్కరూ విస్కీ సీసాను హాలు గోడకు తగిలించలేదు. వైనుకు ఆ మర్యాద ఎక్కడిది? వైనులో మద్యసారం నూటికి పన్నెండు పద్నాలుగు పాళ్లు, మన విస్కీలో నలభై రెండు పైచిలుకు. పాళ్లు వేరుగాని పదార్థం ఒకటే. గుండెకు మంచిదట అనే సాకు కూడా ఇప్పుడు నిలబడదు. మద్యం క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధక విభాగం 1988లోనే తేల్చింది. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని 2023లో ఆ సంస్థే ప్రకటించింది. నేను రుచి కోసం తాగుతున్నాను. ఆరోగ్యం కోసమని చెప్పుకుంటే అది దొంగ లెక్క.

1995లో నేను బాగేపల్లి వైపు ఒక పల్లె శాఖలో చిన్న ఉద్యోగిని. అప్పట్లో అది కోలారు జిల్లా. సరిహద్దు దాటితే ఆంధ్ర. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమం పెరిగి 1993 అక్టోబరులో ఆంధ్రలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. ఆ మధ్యకాలంలో సాయంత్రమైతే సరిహద్దు దాటి మా వైపు కొట్లకు వచ్చే మగవాళ్లను చూశాను. సోమవారం ఇరవై రూపాయలు పొదుపు ఖాతాలో వేసి, బుధవారం పొద్దున్నే "ఆ ఇరవై తియ్యాల సార్" అని వచ్చే మా వైపు ఆడవాళ్లనూ చూశాను. ఎందుకని అడగడం మా పని కాదు. ఊళ్లో అందరికీ తెలిసిందే గనక అడగవలసిన అవసరమూ లేదు.

కర్ణాటకలో సారా నిషేధం 2007 జులైలో వచ్చింది. అదే 2007లో ద్రాక్ష, వైను పరిశ్రమను ప్రోత్సహించే విధానమూ వచ్చింది. రెండింటికీ న్యాయమైన కారణాలున్నాయి. సారా కూలివాడి ఇల్లు కూల్చింది. వైను ద్రాక్ష రైతుకు ఇంకొక గిరాకీ చూపించింది. ఆ రైతుల రుణాల కాగితాల మీద సంతకాలు పెట్టినవాణ్ణి, కాదనలేను. కాని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కొంచెం చివుక్కుమంటుంది. పొట్లంలో తాగేవాడికి నిషేధం, గాజు సీసాలో తాగేవాడికి ప్రోత్సాహం.

ఇలా నేను లెక్కలు వేసుకుంటున్న రోజుల్లోనే ఒకటి జరిగింది. మా ఇంట్లో పనిచేసే ఆవిడది చింతామణి దగ్గర పల్లె. ర్యాకుల బొమ్మలున్న కాగితాలు బల్ల మీద ఉంటే, తుడుస్తూ, ఇవేమిటని మా ఆవిడను అడిగింది. సీసాలు పెట్టే అర అని మా ఆవిడ చెప్పింది. ఆవిడ ఇంకోసారి బొమ్మను చూసి, నావైపు తిరిగి నవ్వింది.

"మా ఇంట్లో సీసా గోడెక్కేదాకా నిండుగా యాడుంటాది సార్!"

అని, గుడ్డ పిండుకుని వంటింట్లోకి పోయింది. ఆవిడ భర్త సంగతి మాకు తెలుసు. ఆసుపత్రి ఖర్చుకు రెండుసార్లు మా ఆవిడ డబ్బు సర్దింది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. నాకు మాత్రం ఆ రోజు బ్యాంకులో కూడికలు సరిగా కుదరలేదు.

అప్పటిదాకా ర్యాకు మన తాగుడును చూపిస్తుందని, అందులో సిగ్గుపడాలా వద్దా అన్నదే ప్రశ్న అని అనుకున్నాను. ఆవిడ మాటతో విషయం వేరుగా కనబడింది. గోడ మీద పన్నెండు నిండు సీసాలుంటే, మేం ఇన్ని పెట్టుకుని కూడా ముట్టకుండా ఉండగలం అని అర్థం. అంటే అక్కడ నేను ప్రదర్శించబోయేది నా నిగ్రహాన్ని. మరి ఆ నిగ్రహం నా గుణమా, నా జీతమా? నెల మొదట్లో జీతం పడుతుందన్న ధీమా, ఎండలో మట్టి మోయని ఒళ్లు, శనివారం రాత్రి కడుపునిండా అన్నం, ఇవన్నీ ఉన్నవాడు ఒక గ్లాసుతో ఆగిపోవడంలో గొప్పేముంది?

జీతమే కారణమని తేల్చేద్దామంటే, అదీ నిజం కాదు. నేను చేరిన ఏడాదే ఒక మిత్రుడు చేరాడు. అదే గ్రేడు, అదే జీతం. లెక్కల్లో నాకంటే చురుకు. అతనికి ఒక గ్లాసుతో ఆగడం చేతకాలేదు. టేబులు సొరుగులో, స్కూటరు డిక్కీలో, చివరికి స్నానాలగదిలో సీసాలు దొరికాయి. నలభై తొమ్మిదో ఏట పోయాడు. అతను పడ్డ ప్రయత్నాలు నేను దగ్గరుండి చూశాను. అతను మానడానికి పెట్టిన మనోబలంలో పదోవంతు నేను ఎన్నడూ పెట్టవలసి రాలేదు. కాబట్టి నా నిగ్రహంలో కొంత జీతం, కొంత ఒంటి తత్వం, కొంత నా ఆవిడ కనుచూపు. నా సొంతం ఎంతో విడదీసి చెప్పే లెక్క నా దగ్గర లేదు. పూర్తిగా నాది కాని సొమ్మును నా ఆస్తి పద్దులో ఎలా చూపించను?

అలాగని మళ్లీ బీరువాలోకి పోవడమూ న్యాయం కాదు. మా మిత్రుడి జబ్బు చాటుమాటునే ముదిరింది. ఇంట్లోవాళ్ల కంట పడని సీసాకు లెక్క ఉండదు. ఆ విషయంలో మా అమ్మాయి మాట సరైనదే. కాని దాచుకోవడం, చూపించుకోవడం కాక, పెట్టుకోవడం అని ఇంకొకటుంది. మా తాతగారు గూట్లో కళ్లద్దాలు పెట్టుకున్నట్టు.

చివరికి ఆరు సీసాల టేకు ర్యాకు కొన్నాను. వంటింటికీ పడకగదికీ మధ్య నడవాలో, ఎండ తగలని, పొయ్యికి దూరంగా ఉన్న గోడకు, నడిచేవాళ్ల మోచెయ్యి తగలనంత ఎత్తులో వడ్రంగి బిగించాడు. దొరికినంతలో ఇంట్లో చల్లటి చోటు అదే. వైనుకు మంచిదీ, నా మనస్సాక్షికి నచ్చిందీ ఒకే గోడ కావడం చూసి నాకే అనుమానం వచ్చింది. లాభమూ న్యాయమూ ఒకే మొత్తం చూపిస్తే కూడిక ఇంకోసారి చూసుకోవాలని మాకు నేర్పారు. చూసుకున్నాను. హాలు గోడ చల్లగా, చీకటిగా ఉన్నా అక్కడ పెట్టి ఉండేవాణ్ణా? ఆ నవ్వు వినకముందయితే, పెట్టేవాణ్ణే.

"ఇదీ దాచినట్టే కదా నాన్నా?" అంది అమ్మాయి.

"ఎవరడిగినా చూపిస్తానమ్మా. అడగనివాళ్లకు చూపించను" అన్నాను. తను ఒప్పుకుందని చెప్పలేను. హాలు గోడకు గడియారమే వచ్చింది.

దీనివల్ల మా పనావిడ ఇంట్లో ఏమీ మారలేదు. ఆ సంగతి కూడా రాయకపోతే ఈ వ్యాసమే ఒక షోకేసవుతుంది. నడవాలోంచి వెళ్తూ ఆవిడ ఆ సీసాలను రోజూ చూస్తుంది. వాటి దుమ్ము దులిపే పని మాత్రం ఆవిడకు పెట్టలేదు. ఆదివారం పొద్దున నేనే స్టూలు వేసుకుని తుడుచుకుంటాను. అప్పుడు ఎన్ని నిండువి, ఎన్ని ఖాళీవి అన్న లెక్క కూడా తేలుతుంది. ఖాళీ అయిన అరను వెంటనే నింపకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. ప్రస్తుతం ఆరింటిలో నాలుగు ఖాళీ.

మా ఆవిడ నెలవారీ ఖర్చుల పుస్తకం రాస్తుంది. పన్నెండేళ్లు 'ఇతరములు' కింద పోయిన మొత్తానికి ఇప్పుడు విడిగా ఒక వరుస వచ్చింది. పాలు, కూరగాయలు, కరెంటు, తరవాత వైను. ఖర్చు వైపున.