మాట మరచినవారి ప్రార్థన

ధ్యానభాగము: రోమా 8:26, 27



ఎట్లు ప్రార్థింపవలెనో మనకు తెలియనప్పుడు, మాటలకందని మూలుగుతో ఆత్మయే మన పక్షమున వేడుకొనునని పౌలు వ్రాసెను. మన కోనసీమ పల్లెలలో మాటలు పోగొట్టుకొనుచున్న పెద్దల యిండ్లకు ఈ వాక్యము గొప్ప ఆదరణ.

కొందరు పెద్దలు చెంబును చూచి, “అదే, నీళ్లు ముంచుకొనునది” అందురు. దాని పని తెలియును గాని పేరు నోటికి రాదు. అప్పుడప్పుడొక పేరు తట్టకపోవుట ముసలితనమున సహజమే. నానాటికి మాటలు తరిగి, అడిగినదే మరల అడుగుచు, ఎరిగిన దారి తప్పుచున్నయెడల అది ఆల్జీమర్స్ కావచ్చును. జర్మనీ వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్ 1906లో దానిని మొదట వివరించెను. హానికరమైన మాంసకృత్తులు మెదడులో పేరుకొని కణములు నశించును. సాధారణముగా జ్ఞాపకమును నిలుపు భాగము మొదట చెడును. పిమ్మట మాటను వెదకి తెచ్చు భాగములు చెడును. ఇది మొండితనము కాదు, దయ్యము పట్టుట కాదు. వైద్యునికి చూపుడి, థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ లోపము వంటి కారణములవలన కలిగిన మరుపునకు చికిత్స కలదు.

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ అల్లాడి సువర్ణగారు మొదలైనవారు ఇట్టి వ్యాధులుగల 648 మందిని పరిశీలించి 2013లో ప్రకటించిరి. ఒకే భాష ఎరిగినవారికంటె, రెండు భాషలు మాటలాడువారిలో వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కనబడెను; చదువురానివారిలోను అట్లే. మాటకును మెదడుకును ఎంత లోతైన సంబంధమున్నదో చూడుడి. కాబట్టి మాట తడబడువారిని ఒంటరిగా మూల కూర్చుండబెట్టకుడి.

“నేనెవరో చెప్పు” అని పరీక్షింపకుడి. “నేను నీ చిన్న కోడలిని, మామయ్యా” అని మీరే చెప్పుడి. చిన్న మాటలతో ఒక్కొక్కటే అడిగి, జవాబు వచ్చువరకు ఓర్చుకొనుడి. చిన్ననాడు నేర్చిన పాటలును ప్రార్థనయు తక్కిన మాటలు పోయినను అనేకులలో నిలుచును. సిగ్గుపడి వారిని యింట విడిచి రాకుడి. మందిరమునకు తోడుకొని వచ్చి, ప్రక్కన కూర్చుండి పాడుడి.

“మా నాయన యేసు నామమునే మరచెను, ఆయన రక్షణ ఏమగును?” అని కలవరపడుచున్నారా? మన రక్షణ మన జ్ఞాపకశక్తిమీద నిలిచినది కాదు. తల్లి మరచినను తాను మరువనని దేవుడు సెలవిచ్చెను (యెషయా 49:15). తల నెరసినవారిని ఎత్తుకొని మోయుదునని మాటయిచ్చెను (యెషయా 46:4). పేరు పలుకలేని పెదవులవెనుక నున్న హృదయమును ఆయన ఎరుగును. ఆయన మోయుచున్నవారిని మనమును ఓర్పుతో మోయుటకు కృప దయచేయును గాక. ఆమేన్.