పంట పోయిన ఏడాది గుత్త ఎవరి నెత్తిన?

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో ఎకరమో రెండెకరాలో సొంత చేను ఉండి, మరికొంత గుత్తకు తీసుకుని సేద్యం చేసుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. కాలువ కింద వరి, నల్లరేగడిలో శనగ వీరి జీవనాధారం. 2019 సెప్టెంబరులో కుందూ నది పొంగి ఈ ప్రాంతపు పొలాలను ముంచెత్తింది. ఇటువంటి ఏడాది వచ్చినప్పుడల్లా మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "పైరు పోయింది, అయినా గుత్త మొత్తం కట్టమంటున్నారు. ఇది షరీఅత్‌లో న్యాయమేనా?"

ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. హక్కు ఎంత అనేది ఒకటి. హక్కు ఉన్నంత మాత్రాన దాన్ని పూర్తిగా రాబట్టుకోవాలా అనేది రెండోది. దివ్య ఖుర్ఆన్ అన్నహ్ల్ సూరా 90వ ఆయత్‌లో అల్లాహ్ అద్ల్‌ను, ఇహ్‌సాన్‌ను, అంటే న్యాయాన్ని, ఉపకారాన్ని పక్కపక్కనే ఆజ్ఞాపించాడు. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదని ఎక్కడా అనలేదు.

హక్కు సంగతి

డబ్బుకు భూమిని గుత్తకు ఇవ్వడం ధర్మసమ్మతమే. అయితే భూమికి రావలసిన నీరు ఆగిపోయి సాగే వీలుకాకపోతే ఆ కాలానికి గుత్త పడదని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు చెబుతున్నాయి. విత్తిన తర్వాత పైరు నాశనమైతే ఎంత చెల్లించాలన్నది వివరంగా చర్చించిన విషయం. తగాదా వస్తే ఇద్దరూ కలిసి ముఫ్తీ వద్దకు వెళ్ళి తేల్చుకోవాలి. రచ్చబండ వద్ద గొంతు పెద్దదైన వాడి మాట తీర్పు కాకూడదు.

కోరుకు చేసే సేద్యం, అంటే ముజారఅత్, వేరు. దైవప్రవక్త (స) ఖైబర్ భూములను పంటలో సగం వాటాకు ఇచ్చారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్) దీన్ని అంగీకరించకపోయినా, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్) అనుమతించారు. ఫత్వా వారి మాట మీదే ఉంది. ఇందులో పండితే ఇద్దరికీ పండుతుంది, పోతే ఇద్దరికీ పోతుంది. "ముందు నాకు పది బస్తాలు, మిగిలింది నీకు" అనే షరతు పెడితే ఆ ఒప్పందం చెల్లదు. ఎందుకంటే నష్టమంతా ఒక్కరి మీదికే నెట్టినట్లవుతుంది.

ఉపకారం సంగతి

సహీహ్ ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. పండ్లు అమ్మిన తర్వాత వాటికి విపత్తు వస్తే, కొన్న సోదరుని సొమ్మును ఏ హక్కుతో తీసుకుంటావని దైవప్రవక్త (స) నిలదీశారు. దీన్ని కొందరు ఇమాములు విధిగా, మరికొందరు సద్వర్తనగా గ్రహించారు. అల్ బఖరా సూరా 280వ ఆయత్ ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వీలు కలిగే దాకా గడువు ఇవ్వాలని, వదిలేస్తే మరీ మేలని బోధిస్తోంది. కాబట్టి కలిగిన యజమాని హక్కు గురించి వాదించే ముందు ఈ ఆయత్‌ను ఒకసారి చదువుకోవాలి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. భూయజమాని ఎప్పుడూ ధనవంతుడే కాడు. భర్త పోయిన ఇల్లాలికి ఆ రెండెకరాల గుత్తే ఏడాది తిండి కావచ్చు. మస్జిద్ మాన్యమైతే ముతవల్లీ తన ఇష్టం వచ్చినట్లు గుత్త తగ్గించలేడు, వక్ఫ్‌కు తగిన గుత్త రాబట్టడం అతని బాధ్యత. మరి నష్టం ఎవరు మోయాలి? మా సమాధానం: ఊరి జమాఅత్ మోయాలి. ఒక్కని నెత్తిన పడితే అతన్ని నేలకూల్చే బరువు, పదిమంది పట్టుకుంటే లేస్తుంది.

జమాఅత్ చేయగలిగినవి

మొదటిది ఉష్ర్. పంట కోసిన రోజే దాని హక్కు ఇవ్వాలని అల్ అన్ఆమ్ సూరా 141వ ఆయత్ ఆదేశం. వాన మీద పండితే పదో వంతు, ఖర్చుపెట్టి నీరు పెడితే ఇరవయ్యో వంతు. పండిన వాడి ఉష్ర్ పండని వాడిని ఆదుకుంటుంది.

రెండోది జకాత్. అత్తౌబా సూరా 60వ ఆయత్‌లో చెప్పిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవారు ఒకరు. అర్హుడైన రైతు చెయ్యి చాచే దాకా ఆగకుండా మనమే వెతికి ఇవ్వాలి. ముస్లిమేతర పొరుగు రైతుకు జకాత్ ఇవ్వలేకపోయినా నఫిల్ సదఖా, ఖర్జె హసనా ఇవ్వవచ్చు. వరద గట్టు దాటేటప్పుడు ఎవరి మతమూ అడగలేదు.

మూడోది బయ్ సలం. మదీనాలో ప్రజలు ఏడాది, రెండేళ్ళ ముందే పండ్లకు సొమ్ము చెల్లించేవారు. తెలిసిన కొలత, తెలిసిన తూకం, తెలిసిన గడువు ఉండాలని దైవప్రవక్త (స) నిర్ణయించారు. నంద్యాల పట్నంలో ఏడాది బియ్యం కొనే ఇరవై కుటుంబాలు నాట్లకు ముందే సొమ్ము మొత్తం చేతికిస్తే, రైతు వడ్డీకి పోడు. రకం, బరువు, తేదీ, అందించే చోటు రాసుకోవాలి. ఫలానా మడిలో పండిన బియ్యమే కావాలని షరతు పెట్టకూడదు. గడువుకు ఇవ్వలేకపోతే ఓపిక పట్టాలి, లేదా ఇచ్చిన సొమ్మే తిరిగి తీసుకోవాలి. పైన ఒక్క రూపాయి తీసుకున్నా అది వడ్డీయే. ఎరువులు అరువిచ్చి, పంట తనకే తక్కువ ధరకు అమ్మాలనే షావుకారు షరతుకూ దీనికీ భూమ్యాకాశాలంత తేడా ఉంది. అప్పు మీద లాగే లాభం హరామ్.

చివరిగా ఒక సంతకం సంగతి. రాష్ట్రంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇవ్వడానికి భూయజమాని సంతకం కోరింది. ఆ కార్డుతో భూమి మీద హక్కు మారదు. అయినా భయంతో సంతకం నిరాకరించే వారున్నారు. ఒప్పందాలు రాసుకోమన్నది అల్ బఖరా 282వ ఆయత్, సాక్ష్యం దాచవద్దన్నది 283వ ఆయత్. మన పొలం దున్నుతున్న మనిషిని దున్నడం లేదని కాగితం మీద చూపి, అతనికి రావలసిన పరిహారం మన ఖాతాలో వేసుకోవడం ఏ న్యాయం?

విత్తనం మనం వేస్తాం, మొలిపించేవాడు అల్లాహ్. ఆయన ఇచ్చిన దానిలో కొంత ఇవ్వడానికి వెనకాడే చేతులుగా మన చేతులు మిగలకూడదు. అల్లాహ్ మన పంటల్లో బర్కత్‌ను, మన హృదయాల్లో ఇహ్‌సాన్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.