లెక్క తేలని పైన్ చెట్లు

పిల్లల కథల్లో లోకాలు సాధారణంగా పెద్దవి. ఏడు సముద్రాలు, ఎవరూ ఎక్కని కొండలు. ఇంగ్లండ్ రచయిత ఏ.ఏ. మిల్న్ మాత్రం ఉన్న అడవిని కుదించాడు. 1925లో సస్సెక్స్‌లో, యాష్‌డౌన్ ఫారెస్ట్ పక్కన, ఆయన ఒక పల్లె ఇల్లు కొన్నాడు. అక్కడ ‘ఐదువందల ఎకరాల అడవి’ అనే పేరుతో నిజంగానే ఒక అడవి ఉంది. మరుసటి ఏడాది వచ్చిన ‘విన్నీ ద పూ’లో అది వంద ఎకరాలయింది. ఐదేళ్ల పిల్లవాడికి అంత చాలు మరి!

యాష్‌డౌన్ పేరుకే అడవి. ఒకప్పుడు రాజుల వేటభూమి. ఇప్పుడు చాలామటుకు పొదలు పరుచుకున్న బీడు, మెట్టల మీద అక్కడక్కడ పైన్ చెట్ల గుంపులు. తేనె కోసం చెట్టెక్కిన పూ అనే ఎలుగుబంటి పడేది ఆ బీళ్లలో పెరిగే ముళ్లపొదలోనే. బొమ్మలు గీసిన షెపర్డ్ కూడా ఆ చోట్లన్నీ తిరిగి చూసి గీశాడు. కథలో కల్పితం ఎలుగుబంటి, పందిపిల్ల. నేల మాత్రం అచ్చంగా అక్కడిదే.

గిల్స్ ల్యాప్ అనే మెట్ట మీది పైన్ చెట్ల గుంపు కథలో ‘గాలియన్స్ ల్యాప్’ అయింది. అది మంత్రపు చోటని కథలోని పిల్లవాడు క్రిస్టఫర్ రాబిన్‌కు ఎలా తెలుసు? చెట్లు అరవైమూడో అరవైనాలుగో ఎవరికీ తేలదు గనక. లెక్కపెట్టిన చెట్టుకల్లా దారం కట్టుకుంటూ పోయినా తేలదు. పూ కథలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే. లెక్క తేలకపోవాలంటే ముందు లెక్కపెట్టాలి, అదీ మళ్లీ మళ్లీ. ఒక చోటుకు అన్నిసార్లు, ఏ పనీ లేకుండా వెళ్లినవాడికే అది మంత్రపు చోటవుతుంది.

మన సంగతి వేరు. ఒక కాలనీలో ఇరవై ఏళ్లుంటాం. కరెంటు బిల్లు మీద సర్వీసు నంబరు కంఠతా వస్తుంది. వీధి మలుపులో ఉన్నది రావో, వేపో అడిగితే తడుముకుంటాం. వాననీళ్లు ఎటు పారతాయో ఇల్లు మునిగినప్పుడు గానీ తెలియదు. దీన్ని కాపురం అనవచ్చు గానీ, ఆ చోట బతికామనడానికి నాకు నోరు రాదు.

ఈ ఆదివారం పిల్లలను పార్కులో జారుడుబల్ల దగ్గర దించేసి ఫోను చూసుకునే బదులు, వాళ్లతో వీధి చివరిదాకా నడవండి. ఎక్కడ దయ్యం ఉందో, ఎక్కడ ఓడ ఆగుతుందో వాళ్లు చెబుతారు. తొందరపెట్టకండి.